కాన్పు అనుభవంపై పరిశోధన: బాలింతను ఏమని అడగాలి?

ప్రశ్న (పీజీ విద్యార్థిని):
అందరికీ నమస్కారం. ప్రసవ సమయంలో స్త్రీల అనుభవాలపై ప్రాజెక్టు చేస్తున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. లోపల తల్లికి ఏమి ఎదురైందో మాత్రం ఈ అంకెలు చెప్పవు. "సంతృప్తిగా ఉన్నారా?" అని అడిగితే, నేను కలిసిన బాలింతలందరూ "బిడ్డ క్షేమం, అంతే చాలు" అన్నారు. కానీ నేను లేచి వస్తుండగా ఒకామె, నొప్పులప్పుడు తనను తిట్టారని మెల్లగా చెప్పింది. పరిశోధకులు ఈ చిక్కును ఎలా దాటుతున్నారు?

జవాబు (ప్రజారోగ్య పరిశోధకుడు):
చాలాకాలం మాతృ మరణాలు, ఆసుపత్రి కాన్పుల శాతమే ప్రధాన కొలమానాలుగా ఉండేవి. 2014లో ప్రసవ సమయంలో జరిగే అవమానాలు, దుర్వ్యవహారంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటన చేసింది. మరుసటి ఏడాది 34 దేశాలకు చెందిన 65 అధ్యయనాలను ఒకచోట చేర్చిన సమీక్ష వెలువడింది. మీ చిక్కుకు దగ్గరగా ఉన్నది ఘానా, గినీ, మయన్మార్, నైజీరియాల్లో జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనం. అందులో పరిశీలకులు 2,016 మంది తల్లుల కాన్పులను దగ్గరుండి చూశారు. వారిలో 838 మంది దెబ్బలో, తిట్లో, వివక్షో ఎదుర్కొన్నారు. బిడ్డ పుట్టడానికి అరగంట ముందు నుంచి పుట్టిన పావుగంట వరకు దెబ్బలు, తిట్లు మరీ ఎక్కువ. బిడ్డ బయటికి రావడానికి యోని ద్వారం దగ్గర కోత పెట్టిన సందర్భాల్లో నూటికి 75 సార్లు తల్లి అనుమతి లేదు. చిన్న వయసువారు, చదువు లేనివారు ఎక్కువగా బాధితులయ్యారు. ఈ చివరి మాట నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

జవాబు (స్టాఫ్ నర్సు):
అమ్మా, తిట్టడం తప్పే, పని ఒత్తిడి దానికి సాకు కాదు. అయితే లేబర్ రూము ఎలా ఉందో కూడా రాసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడు ఉండడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే అనుమతించింది. నిరంతరం తోడు ఉంటే సహజ కాన్పులు పెరుగుతాయని, చేదు అనుభవాలు తగ్గుతాయని 26 ప్రయోగాలపై 2017లో వచ్చిన సమీక్ష తేల్చింది. కానీ బల్లల మధ్య తెరలే లేని గదిలోకి ఒకరి తల్లిని రానిస్తే, పక్క బల్ల మీద ఉన్నామెకు మరుగు ఉండదు. అందుకే చాలాసార్లు మేమే వద్దంటాము.

జవాబు (ఇద్దరు పిల్లల తల్లి):
ఇంట్లో అత్తగారు పక్కన కూర్చుని ఉండగా అడిగితే నేనూ "బాగానే జరిగింది" అనే చెప్పేదాన్ని. నా రెండో కాన్పులో ఆపరేషన్‌కు మా ఆయన సంతకం తీసుకున్నారు. స్పృహలోనే ఉన్న నన్ను ఎవరూ అడగలేదు. అది అన్యాయమని నాకు ఏడాది తర్వాత గాని అనిపించలేదు. కాబట్టి సంతృప్తి సంగతి వదిలేసి, "నొప్పులు మొదలైనప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పండి" అని అడిగి, మధ్యలో ఆపకుండా వినండి. వీలైతే కొన్ని నెలల తర్వాత, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి వెళ్లండి.