మేనమామకు ఆ జబ్బు ఉంటే నాకూ వస్తుందా? రాజోలు సోదరునికి జవాబు

రాజోలు నుంచి ఈ సెప్టెంబరులో టొరంటోకు చదువుకోవడానికి వచ్చిన సోదరునికి నమస్కారం.

మీ మేనమామగారికి స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు నిజమనిపించడం వంటి లక్షణాలుండే మానసిక వ్యాధి) ఉందనీ, కొన్నాళ్లుగా మీకు నిద్ర పట్టడం లేదనీ, ఈ రెండింటికీ సంబంధం ఉందేమోనని భయపడుతున్నాననీ రాశారు. మాది పాలకొల్లు దగ్గర. ఇక్కడ మానసిక వైద్య విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. మిమ్మల్ని చూడకుండా మీకు ఏముందో చెప్పలేను గాని, ఏ కారణానికి ఎంత బరువు ఇవ్వాలో చెప్పగలను.

ముందు మేనమామగారి సంగతి. ఈ వ్యాధి సాధారణంగా నూటికి ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డలకు నూటికి పది దాటుతుంది. మేనమామకు ఉంటే మేనల్లుళ్లలో నూటికి నలుగురి దాకా రావచ్చునని పాత కుటుంబ అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే మిగిలిన తొంభై ఆరుగురికి రాదు. అయితే మన డెల్టాలో మేనరికాలు ఎక్కువ కాబట్టి, మీ అమ్మానాన్నలది కూడా మేనరికమే అయితే ఆయన మీకు రెండు వైపుల నుంచీ రక్తసంబంధీకుడవుతారు, ఈ లెక్క కొంత పెరుగుతుంది.

అందుచేత మీ అమ్మగారిని ఒకసారి నిదానంగా అడగండి. ఆయనకు ఏ వయసులో మొదలైంది, మొదట కనిపించిన మార్పు ఏమిటి, ఏ మందుకు కుదుటపడ్డారు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు గాని, ప్రాణం తీసుకున్న సందర్భం గాని ఉందా అన్నవి తెలుసుకోండి. కాకినాడ పెద్దాసుపత్రి చీటీలు ఇంట్లో ఉంటే ఫొటో తీసి పంపమనండి. ఆయనకు పనిచేసిన మందు పేరు రేపు మీ వైద్యునికి ఉపయోగపడవచ్చు. సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో మన ఇళ్లలో ఈ విషయాలను ఆడపడుచులకు కూడా చెప్పరు, తాయెత్తులు కట్టించి ఏళ్లు గడిపేస్తారు. చికిత్స ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది గనుక, నా దృష్టిలో ఈ దాపరికమే జబ్బుకన్నా ఎక్కువ నష్టం చేస్తోంది.

ఇక వలస. అమెరికాలోని మిన్నెసోటాకు వలస వెళ్లిన నార్వే వారిలో స్కిజోఫ్రెనియా స్వదేశంలో ఉన్నవారికన్నా సుమారు రెట్టింపు ఉన్నట్లు ఊడగార్డ్ అనే వైద్యుడు 1932లోనే గమనించాడు. బలహీనులే వలస వెళతారేమోనని అప్పట్లో అనుకున్నారు; కాని తరువాతి అధ్యయనాల్లో వలస వెళ్లినవారికి ఆ కొత్త దేశంలో పుట్టిన పిల్లల్లో కూడా ప్రమాదం ఎక్కువగానే కనిపించడంతో, ఒంటరితనం, వివక్ష, వెలివేసినట్లు ఉండే బతుకు వైపు దృష్టి మళ్లింది. తమ వాళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో నివసించేవారికి ప్రమాదం తక్కువగా ఉంటుందని కూడా తేలింది. కాబట్టి అద్దె కాస్త ఎక్కువైనా మనవాళ్ల మధ్య గది చూసుకోండి. (సంఘం విందుల్లో జీతమెంత, వీసా ఏమైంది అని అడిగే పెద్దలకు మాత్రం దూరంగా కూర్చోండి.) ఊళ్లో మనిషి రెండు రోజులు ముభావంగా ఉంటే రేవు దగ్గరే ఎవరో ఒకరు పట్టేస్తారు, ఇక్కడ బేస్‌మెంట్ గదిలో రెండు వారాలైనా ఎవరికీ తెలియదు. మీలో మార్పు కనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పమని ఒక స్నేహితుణ్ణి ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

గంజాయి విషయంలో సందేహానికి చోటు లేదు. 2018 అక్టోబరు నుంచి కెనడాలో అది చట్టబద్ధం, దుకాణాల్లోనే అమ్ముతారు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మీ వంటి కుటుంబ చరిత్ర ఉన్నవారికి అది క్షేమం కాదు. ఘాటైన రకాన్ని రోజూ వాడేవారిలో సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) ప్రమాదం, వాడనివారితో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు ఉన్నట్లు 2019లో వెలువడిన ఐరోపా అధ్యయనం చూపింది. పైగా మగవారిలో ఈ వ్యాధి ఎక్కువగా మొదలయ్యేది ఇరవైల ప్రారంభంలోనే, అంటే మీ వయసులోనే. నిద్ర కోసమని గదిలోవాళ్లు ఇచ్చినా తీసుకోవద్దు.

మీ నిద్రలేమికి నాకు తోచే కారణాలు మామూలువే: గోదాములో రాత్రి షిఫ్టులు, తోట తాకట్టు పెట్టి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, ఫోనులో ఇంటికి చెప్పే "అంతా బాగానే ఉంది". డిసెంబరులో రాజోలులో పగలు పదకొండు గంటలుంటే టొరంటోలో తొమ్మిదే; వెలుగు తగ్గడంతో వచ్చే దిగులు వేరే ఉంది. వీలైతే షిఫ్టు మార్చుకోండి, పొద్దున్నే కాసేపు వెలుతురులో నడవండి, రక్తపరీక్షలో థైరాయిడ్, బి12 చూపించుకోండి. నిద్ర బొత్తిగా తగ్గి కూడా అలసట తెలియకపోయినా, ఎవరో మీ గురించే మాట్లాడుకుంటున్నారని గట్టిగా అనిపించినా, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపించినా, మర్నాటికి వాయిదా వేయకుండా వైద్యుణ్ణి కలవండి.

— పాలకొల్లు అక్క

అక్కగారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. మాది అమలాపురం. కళాశాల కౌన్సెలరును కలిస్తే వీసా పోతుందని గదిలోవాళ్లు అంటారు, అది నిజం కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే కెనడాలో ఏ వేళనైనా 988కు ఫోను చేయవచ్చు. రాజోలులో మీ అమ్మగారికి మేనమామగారి మందుల గురించి గాని, మీ గురించి బెంగతో గాని మాట్లాడాలనిపిస్తే 14416కు చేయమనండి. అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ; వారు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు.