పాత జీతం అకౌంట్ల పడ్డ పైసలు పడ్డట్టే కట్ అయినయి, ఎవరికన్న తెలుసా?

కుట్టుమిషన్ (దిల్‌సుఖ్‌నగర్):

అన్నలకు, అక్కలకు నమస్తే. సంగతి రెండు వేలది. పెద్ద లెక్క కాదని అంటరేమో, నాకైతే పెద్దదే.

నేను ఇంట్లనే మగ్గం వర్క్ బ్లౌజులు చేస్త. దానికి ముందు అమీర్‌పేటల ఒక బట్టల షోరూంల పనిచేసేదాన్ని. చేరినప్పుడు వాళ్లే ఒక ప్రైవేట్ బ్యాంకుల జీతం అకౌంట్ తెరిపిచ్చిండ్రు. జీరో బ్యాలెన్సు, ఏం ఉంచకున్నా నడుస్తది అని చెప్పిండ్రు. పోయిన దసరాకు పని మానేసిన. అప్పటికి అండ్ల 640 రూపాయలు ఉండె.

మొన్న ఒకామె పెండ్లి బ్లౌజుకు అడ్వాన్స్ అని నా నంబర్‌కు 4,000 కొట్టింది. "వచ్చినయా అక్కా" అని ఫోన్ జేస్తే చూసిన, నేను రోజూ వాడే అకౌంట్ల పడలే. ఆమె యాప్‌ల నా నంబర్‌కు ఆ పాత బ్యాంకే అతుక్కొని ఉన్నదంట. సరే ఎక్కడ పడితే ఏంది, నా పేరు మీదనే గదా అనుకున్న. తెల్లారి తీద్దామని చూస్తే 2,026 రూపాయల 30 పైసలు ఉన్నయి.

బ్లౌజుకు మెడ చుట్టూ కుందన్లు అయిపోయినయి. చేతులకు జర్దోసీ తేవాలె, కారిగర్‌కు కూలి ఇయ్యాలె. ఆమె లెక్కల ఆమె నాలుగు వేలు ఇచ్చింది. నా చేతికి వచ్చింది సగం.

దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచికి పోతే "మీది అమీర్‌పేట అకౌంట్ మేడమ్, హోం బ్రాంచికే పోవాలె" అన్నరు. మెట్రో ఎక్కి పోయిన. టోకెన్ తీస్కొని కూసున్న. కౌంటర్ల పిల్ల మంచిగనే మాట్లాడింది, కంప్యూటర్ మాత్రం నా దిక్కు తిప్పలే. "సిస్టమే కట్ చేస్తది మేడమ్, మా చేతుల ఏం లేదు." మరి ఎవరి చేతుల ఉన్నదంటే కస్టమర్ కేర్ అన్నది. కస్టమర్ కేర్ వాళ్లేమో అన్ని నంబర్లు నొక్కిచ్చుకొని, పాటలు వినిపిచ్చి, ఆఖరుకు "మీ బ్రాంచిని సంప్రదించండి" అన్నరు. లేచి వస్తుంటే ఆ పిల్లనే ఒక కాగితం చేతుల వెట్టి "నెలకు రెండు వేలు కడితే మంచి ఇన్సూరెన్స్ ప్లాన్ ఉంది మేడమ్" అన్నది. నా రెండు వేలు మీ దగ్గరనే ఉన్నయి గదమ్మా అన్న.

నాకు తెల్వాల్సింది ఒకటే. ఉన్న 640 తీస్కున్నరు, సరే. లేని పైసలకు బాకీ రాసిపెట్టుకొని, తర్వాత ఎవరో ఏసిన పైసలల్ల నుంచి గుంజుకోవచ్చునా?

పాత లెడ్జర్ (మల్కాజిగిరి):

అమ్మా, నేను బ్యాంకులో పనిచేసి రిటైరయినవాణ్ణి. మీ ప్రశ్న సరైన చోటే తగిలింది. ముందు ఆ అకౌంట్ స్టేట్‌మెంట్ జనవరి నుంచి తీసి, కట్ అయిన ప్రతి లైనూ ఇక్కడ రాయండి. అకౌంట్ నంబర్ మాత్రం పెట్టకండి, ఇలాంటి చోట్ల కాచుకుని కూర్చున్నవాళ్లుంటారు.

ఈలోగా ఒక మాట. జీతం అకౌంట్ అనేది జీతం పడినన్నాళ్లే జీతం అకౌంట్. కొన్ని నెలలు వరసగా పడకపోతే మామూలు సేవింగ్స్ కింద మార్చేస్తారు. అక్కణ్ణుంచి మినిమం బ్యాలెన్స్ మొదలు. అది కూడా సగటు. రోజూ రాత్రికి ఎంత మిగిలిందో అన్నీ కూడి, నెలలో ఉన్న రోజులతో భాగిస్తారు. నెలాఖరున పదివేలు వేసి నిలబెట్టేశాం అనుకునేవాళ్లు నా సర్వీసులో చాలామంది వచ్చేవారు, లెక్క చూపిస్తే నా మీదే అరిచేవారు.

ఉప్పల్ పోరడు:

అక్కా, మా అమ్మ పాస్‌బుక్ ఎక్కించినప్పుడల్లా మా ఇంట్ల ఇదే పంచాయితీ. మే నెల ఆఖర్ల 436 ఒకటి, 20 ఒకటి పోయినయి. దొంగలు వడ్డరని లొల్లి. చూస్తే అవి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాలు. 2022 జూన్ ముందు 330, 12 ఉండె. ఫారంల ఎవరో టిక్కు పెట్టిచ్చిండ్రు, అమ్మకు ఒక్క ముక్క చెప్పలే. బీమా మంచిదే, రెండు లక్షల కవరు. వద్దంటే బ్రాంచిల కాగితం రాసిస్తే ఆపేస్తరు. నీ లిస్టుల ఆ నంబర్లు ఉంటే అది వేరే కథ.

ఇంకోటి, ఏటీఎం కూడా చూసుకో. హైదరాబాద్ మెట్రో సిటీల లెక్క కాబట్టి వేరే బ్యాంకు ఏటీఎంల నెలకు మూడు సార్లే ఫ్రీ. మా జనగామల అయితే ఐదు. దాటితే 2025 మే నుంచి ఒక్కోదానికి 23 రూపాయల దాకా, మీద జీఎస్టీ. పైసలు తీయనీకి జనగామ పోతే బస్ కిరాయి ఎక్కువైతది గానీ.

కుట్టుమిషన్:

సార్, స్టేట్‌మెంట్ తీసిన. బీమాలు, ఏటీఎంలు ఏం లేవు తమ్ముడూ. ఫిబ్రవరికి "యావరేజ్ బ్యాలెన్స్ చార్జ్" 590 కట్ చేసిండ్రు, 50 మిగిలింది. మార్చిది 590ల ఆ 50 తీస్కున్నరు. ఆ తర్వాత ఏప్రిల్, మేల స్టేట్‌మెంట్ల ఏం లేదు, బ్యాలెన్సు సున్న అనే చూపెడతాంది. 4,000 పడ్డ రోజు మాత్రం వరసగా ఐదు లైన్లు: 540, 590, 590, కార్డు ఏడాది ఫీజు 236, ఎస్సెమ్మెస్ చార్జి 17.70. ఆ కార్డు నేను పని మానేసినంక మిషన్ల పెట్టిందే లేదు. ఇంకా నవ్వొచ్చేది ఏందంటే, ఎస్సెమ్మెస్ చార్జి కట్ అయిందని ఎస్సెమ్మెస్ వచ్చింది.

పాత లెడ్జర్:

ఇప్పుడు స్పష్టంగా ఉంది. మీ బ్యాంకు చార్జీల పట్టిక తీసి చూడండి, వెబ్‌సైట్‌లోనూ బ్రాంచిలోనూ పెట్టాలి. అంకెలను బట్టి చూస్తే పదివేలకు తగ్గిన మొత్తం మీద 6 శాతం లేదా 500, ఏది తక్కువైతే అది, అని ఉండి ఉంటుంది. మీ 640కి తగ్గింది 9,360. దాని మీద 6 శాతం 561 దాటుతుంది కాబట్టి 500. దానికి 18 శాతం జీఎస్టీ 90. మొత్తం 590. కూడికలో తప్పులేదు. తప్పు వేరే చోట ఉంది.

రిజర్వ్ బ్యాంకు 2014 నవంబర్ 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో మీకు పనికొచ్చేవి రెండు. బ్యాలెన్స్ తగ్గితే చార్జి వేసేముందు ఖాతాదారుకు ఎస్సెమ్మెస్ గానీ ఈమెయిల్ గానీ ఉత్తరం గానీ పంపి, సరిచేసుకోవడానికి నెల గడువివ్వాలి. రెండోది, కేవలం ఈ మినిమం బ్యాలెన్స్ చార్జీల వల్లే సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదు.

మీ ఖాతా సున్నా దగ్గర ఆగింది. అక్కడితో ఆగాలి. మిగిలిన 540, 590, 590 వాళ్లు ఖాతాలో రాయకుండా వెనక పెట్టుకున్నారు. స్టేట్‌మెంట్‌లో మైనస్ కనిపించదు, కానీ డబ్బు పడగానే తీసుకుంటారు. అడిగితే "ఖాతా మైనస్ కాలేదు కదండీ, హోల్డ్ మాత్రమే పెట్టాం" అంటారు. ఈ వాదన నేను బల్లకు అవతల కూర్చుని చాలా విన్నాను, నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. మైనస్ పేరు మార్చితే మైనస్ కాకుండా పోతుందా? మీరు పట్టుకోవాల్సింది ఈ 1,720 రూపాయల్ని. కార్డు ఫీజు, ఎస్సెమ్మెస్ చార్జి ఈ నిబంధన కిందికి రావు. వాటి మీద విడిగా అడగండి, ఆశ ఎక్కువ పెట్టుకోకండి.

నోటి మాటలు ఆపి కాగితం మీదికి రండి. ఇలా రాస్తే చాలు: "ఫలానా నెలల మినిమం బ్యాలెన్స్ చార్జీల ముందు నాకు పంపిన నోటీసు తేదీ, ఏ నంబర్‌కు పంపారో తెలియజేయగలరు. ఖాతాలో డబ్బు లేని నెలలకు వేసిన చార్జీలను తర్వాత జమ అయిన మొత్తం నుంచి మినహాయించడం రిజర్వ్ బ్యాంకు నిబంధనకు విరుద్ధం. రూ. 1,720 తిరిగి జమ చేయగలరు." దాని నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. హోం బ్రాంచికే పోవాలనే మాట పట్టించుకోవద్దు. అన్ని బ్రాంచీల లెక్కలూ ఒకే కంప్యూటర్ వ్యవస్థలో కలిపే కోర్ బ్యాంకింగ్ వచ్చి ఎన్నేళ్లయింది! దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఇవ్వండి.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్ ఉన్నాడు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అధికారి. ఒకప్పుడు సైఫాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు ఆఫీసులో ఇచ్చేవాళ్లు. 2021 నవంబర్ నుంచి దేశమంతటికీ ఒకటే పద్ధతి. ఆన్‌లైన్‌లో రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు, కాగితం పంపాలంటే చండీగఢ్‌కు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అర్థం కాకపోతే 14448కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. బ్యాంకుకు ముందు రాయకుండా నేరుగా అక్కడికి పోతే మాత్రం వెనక్కి పంపిస్తారు.

కౌంటర్ అవతల:

నేనూ ఒక బ్రాంచిలోనే చేస్తున్నా, ఏ బ్యాంకో అడక్కండి. ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదక్కా. చార్జి వేసేది నిజంగా సిస్టమే, మాకు తెలిసేది కస్టమర్ వచ్చి అరిచాకే. కానీ "మా చేతుల్లో ఏం లేదు" అనేది సగమే నిజం. రివర్సల్‌కు, అంటే కట్ చేసింది తిరిగి వేయడానికి, పైకి రిక్వెస్ట్ పెట్టడం మేనేజర్ చేతిలో ఉంటుంది. నోటితో అడిగితే "చూద్దాం" అంటారు. కాగితం ఇచ్చి కంప్లైంట్ నంబర్ అడిగితే ఆ ఫైల్ మీద రోజులు లెక్కపెట్టేవాడు పైన ఇంకొకడుంటాడు, అప్పుడు కదులుతుంది. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషులో టైపు చేసుకునే పని మాది. పొద్దున జనం లేనప్పుడు వెళ్లండి. పింఛన్లు పడే రోజుల్లో మాత్రం వద్దు, మేనేజర్‌కే కుర్చీ దొరకదు.

ఇన్సూరెన్స్ కాగితం సంగతి... ఆ పిల్లకు సాయంత్రానికి ఎన్ని చెప్పిందో రాసి పంపాల్సి ఉంటుంది. ఆమె మీద కోపం వద్దు.

ఇంకొకటి. డబ్బు తిరిగొచ్చాక ఖాతా అక్కర్లేకపోతే మూసేయండి. ఉంచుకోవాలంటే బేసిక్ సేవింగ్స్ కింద మార్చమని రాసివ్వండి, దానికి మినిమం బ్యాలెన్స్ ఉండదు. నెలకు నాలుగు విత్‌డ్రాయల్స్ ఫ్రీ. అదే బ్యాంకులో మీకు ఇంకో సేవింగ్స్ ఖాతా మాత్రం ఉండకూడదు. మార్చే ఫారం మేం అడగందే బయటికి తీయం, అడగండి.

ఉప్పల్ పోరడు:

అక్కా అన్నిటికంటే ముందు యాప్‌ల పోయి నీ నంబర్‌కు పైసలు పడే అకౌంట్ మార్చు. లేకుంటే బ్లౌజుల సీజన్ల అందరి అడ్వాన్సులు అండ్లనే పడతయి.

కుట్టుమిషన్:

ఆ పని నీ మెసేజ్ చూడకముందే చేసిన తమ్ముడూ. మా పక్కింటి పిల్లతోని పది రూపాయలు కొట్టిచ్చి చూసిన, కొత్తదాంట్లనే పడ్డయి.

సార్ రాసినట్టే రాసి దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచిల ఇచ్చిన. మొదలు తీస్కోం అన్నరు. ముద్ర ఏసి ఇయ్యండి, లేదంటే ఎందుకు తీస్కోరో అదే కాగితం మీద రాసియ్యండి అన్న. లోపలికి పోయి వచ్చి ముద్ర ఏసిండ్రు. ఇయ్యాల మెయిల్ వచ్చింది. "కస్టమర్ సంతృప్తి దృష్ట్యా ఒక్కసారికి" 1,720 తిరిగి ఏసినం అని. నిబంధన గురించి ఒక్క ముక్క లేదు. నోటీసు ఎప్పుడు పంపిండ్రో అదీ చెప్పలే. కార్డు ఫీజు, ఎస్సెమ్మెస్‌ది వాపస్ రాదన్నరు.

జర్దోసీ తెచ్చిన, చేతుల పని నడుస్తాంది. సార్, ఫిబ్రవరిది 590, మార్చిది 50 అట్లనే ఉన్నయి. వాటికి అంబుడ్స్‌మన్ దాకా పోవచ్చునా, ఇడిసిపెట్టాల్నా?

పాత లెడ్జర్:

పోవచ్చమ్మా. ఆ 640 నిలబడేదీ పడేదీ నోటీసు మీదే. ఫోన్‌లో జనవరి నుంచి ఆ బ్యాంకు పేరుతో వచ్చిన మెసేజీలన్నీ వెతకండి. ఫిబ్రవరి చార్జికి నెల ముందు "బ్యాలెన్స్ తగ్గింది, పెంచుకోండి" అన్నది ఉంటే వదిలేయండి. లేకపోతే ఆ మెయిల్‌కే జవాబుగా నోటీసు కాపీ అడగండి, మీ కాగితంలో అడిగినదానికి ఇంకా జవాబు రాలేదని గుర్తుచేయండి. ఖాతా మాత్రం ఇప్పుడే మూయకండి, ఇది తేలాక మూయొచ్చు.

కుట్టుమిషన్:

వెతికిన సార్. లోన్ ఇస్తమని, క్రెడిట్ కార్డు ఇస్తమని ఉన్నయి, ఉగాది శుభాకాంక్షలు ఉన్నయి. అది మాత్రం లేదు. రేపు రాస్త.