పాత కట్టడంలోని చిన్న అపార్ట్‌మెంటుకు విలాసవంతమైన ఇంటీరియర్: ఎంతవరకు మార్చవచ్చు?

ప్రశ్న

నమస్కారం. వారసత్వ కట్టడాల జాబితాలో ఉన్న, నూరేళ్లు దాటిన ఒక భవనం రెండో అంతస్తులో మాకు సుమారు 480 చదరపు అడుగుల అపార్ట్‌మెంటు ఉంది. పైకప్పు 11 అడుగుల ఎత్తున ఉంది. దాని అంచుల వెంట సున్నపు గారతో చేసిన లతల అల్లిక ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నేల చెక్క దూలాల మీద నిలిచి ఉంది. పడకగదిలో బయటి గోడ పొడవునా పైకప్పు దాకా ముదురు టేకు వెనీరుతో (పలుచని టేకు పొరతో) అల్మరాలు, స్నానాల గదిలో పాలరాతి నేల, హాలులో ఫాల్స్ సీలింగు వేయించాలని మా ఆలోచన. చోటు తక్కువ కనుక ఖరీదైన సామగ్రికి వెనుకాడటం లేదు. ఇల్లు ఇరుకవుతుందేమో, కట్టడానికి హాని జరుగుతుందేమో అన్నవే మా సందేహాలు. అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 (ఇంటీరియర్ డిజైనర్)

ఫాల్స్ సీలింగు ఆలోచన మానుకోండి. డబ్బు పెట్టినా ఈనాడు సులువుగా దొరకని పనితనం మీ తలపైనే ఉండగా, దాన్ని జిప్సం బోర్డు వెనుక దాచడంలో విలాసమేమీ లేదు. అల్మరాలను కూడా ఆ అల్లికకు ఒక అడుగు కిందే ఆపండి.

పాత గోడలు తిన్నగా ఉండవు. పైకీ కిందకీ మధ్య ఒకటి రెండు అంగుళాల తేడా రావడం మామూలే. అందువల్ల అల్మరా పెట్టెలను నిట్టనిలువుగా నిలబెట్టి, గోడకూ వాటికీ మధ్య మిగిలే సందును గోడ వంపు ప్రకారం చెక్కిన పట్టీతో మూయించాలి. ‘కస్టమ్’ పనికి మీరు చెల్లించే సొమ్ములో ఎక్కువ భాగం ఈ పట్టీ దగ్గరే సార్థకమవుతుంది. బయటి గోడ అంటున్నారు కనుక వెనుక 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, గాలి ఆడేలా కిందా పైనా సందులు పెట్టించండి. సున్నపు గార చెమ్మను పీల్చుకుని తిరిగి వదులుతుంది. దానిపై సిమెంటు గానీ ప్లాస్టిక్ పెయింటు గానీ పూస్తే ఆ చెమ్మ లోపలే చిక్కి గార ఊడిపోతుంది.

కొత్తగా చేర్చినది కొత్తదిగానే కనిపించాలని పాత కట్టడాల పరిరక్షణపై 1964లో రూపొందిన అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్ చెబుతుంది. ఇటలీలో వెరోనా నగరంలోని పాత కోట కాస్టెల్‌వెక్కియో మ్యూజియంలో వాస్తుశిల్పి కార్లో స్కార్పా కొత్త నేలను పాత గోడలకు ఆనించకుండా, చుట్టూ సన్నని సందు వదిలారు. ఆ సందే అక్కడ అందం.

జవాబు 2 (స్ట్రక్చరల్ ఇంజినీరు)

పాలరాయి గురించి మాత్రమే చెబుతాను. 20 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు తూగుతుంది. దాని కింద 40 మిల్లీమీటర్ల ఇసుక సిమెంటు పరిస్తే మరో 80 కిలోలు. ఇళ్లలో మనుషులు, సామాన్ల కోసం సాధారణంగా లెక్కించే భారం చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోలు మాత్రమే. దూలాలు ఈ బరువును మోసినా అడుగు వేసినప్పుడల్లా కొద్దిగా వంగుతాయి, రాయి వంగదు, కనుక అతుకులు పగులుతాయి. గోడల్లోకి చొచ్చిన దూలాల కొనలు చెమ్మకు పుచ్చి ఉండవచ్చు. నేల ఒకచోట విప్పి చూడకుండా ఎవరు భరోసా ఇచ్చినా నమ్మకండి. తేనెపట్టు అల్లిక గల అల్యూమినియం పలకకు అతికించిన పలుచని పాలరాయి దొరుకుతుంది, లేదా రాతిని వాష్‌బేసిన్ గట్టుకే పరిమితం చేయవచ్చు. చేతికి తగిలే చోట ఉన్న రాయినే మనిషి గమనిస్తాడు.

జవాబు 3

ముదురు రంగు వద్దని చాలామంది అంటారు కానీ, చిన్న పడకగదికి అది నిండుతనాన్నిస్తుందని నా అభిప్రాయం. వెలుతురు చూసుకుంటే చాలు. లండన్‌లోని తన ఇంట్లో వాస్తుశిల్పి సర్ జాన్ సోన్ అల్పాహారపు గది గుమ్మటానికి కుంభాకార అద్దాలు పొదిగించారు. 1824లో కట్టిన చిన్న చిత్రాల గదిలో గోడలనే తలుపుల్లా తెరుచుకునేలా చేయించి, వాటి వెనుక మరో వరుస చిత్రాలు అమర్చారు. మీ అల్మరా తలుపుల్లో ఒకదాని లోపలి వైపు నిలువుటద్దం బిగించి, తెరిచినప్పుడు కిటికీకి ఎదురయ్యేలా చూడండి. దీపాలు 2700 కెల్విన్ (పసుపు ఛాయ గల వెచ్చని వెలుగు), రంగుల సూచీ (రంగులను ఎంత సహజంగా చూపుతాయో తెలిపే సీఆర్ఐ అంకె) 90కి పైన ఉన్నవి ఎంచుకోండి; లేకపోతే టేకు బూడిద రంగులో కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఫాల్స్ సీలింగు విరమించుకున్నాము. వారసత్వ కట్టడంలో మార్పులకు అనుమతి రాకముందే వడ్రంగితో కొలతలు తీయించవచ్చా?

జవాబు 1

కొలతలు, ఫోటోలు తీయించండి. మేకు కూడా కొట్టనివ్వకండి. వారసత్వ జాబితా ఇచ్చే రక్షణ కొన్నిచోట్ల భవనం ముందుభాగానికే పరిమితం, కొన్నిచోట్ల లోపలి గారకూ తలుపులకూ వర్తిస్తుంది. మీది ఏ కోవకు చెందుతుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే చెక్క కోయించండి.