జనం లేరని బస్సు ఆపారా, బస్సు లేక జనం పోయారా?

నల్లరేగడి: మాది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో చిన్న ఊరు. కంకర రోడ్డు మీదే రోజుకు రెండు ట్రిప్పులు పల్లెవెలుగు వచ్చేది. ఇప్పుడు ఒక్కటీ లేదు. డిపోలో అడిగితే రోడ్డు బాగాలేదంటారు. రోడ్డు వేయమంటే జనం ఐదువందలు లేరంటారు. కేంద్రం పల్లెలకు రోడ్లు వేసే గ్రామ సడక్ యోజన 2000లో మొదలైనప్పటి నుంచీ మైదాన ఊళ్లకు 500 మందే కొలత. నాలుగో విడతలోనూ అంతే, తీసుకునేది 2011 జనాభా లెక్క. తలలు లెక్కబెట్టి దారి ఇవ్వడం న్యాయమేనా?

మాజీ_కండక్టర్: మీలాంటి ఊళ్లలో నైట్ హాల్ట్‌లు చేసినవాణ్ణి. చివరి స్టేజీకి వచ్చేసరికి బస్సులో నలుగురు. ఓఆర్, అంటే నిండిన సీట్ల శాతం, పడిపోతే పైవాళ్లు డిపో మేనేజర్‌ను నిలదీస్తారు. డీజిల్ ఎవరు పోయాలి?

నల్లరేగడి: ఆడవాళ్లకు పల్లెవెలుగులో 2023 డిసెంబరు 9 నుంచి ఉచితం. మా ఊరి ఆడవాళ్లు జీరో టికెట్ చూడాలంటే మూడు కిలోమీటర్లు నడిచి క్రాస్‌రోడ్డుకు పోవాలి. వాళ్లు మీ ఓఆర్‌లోకి ఎట్లా వస్తారన్నా?

మన్యం_దారి: మా ఏజెన్సీలో 250 మంది ఉంటే చాలన్నారు. డోలీ మోతలు ఇంకా ఆగలేదు.

లెక్కల_టీచర్: 2011 జనాభా లెక్కల్లో నేను ఎన్యూమరేటర్‌ని. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తిరిగాం. ఆ రోజుల్లో అసలు ఊళ్లోనే లేనివాళ్లను అక్కడ రాయకూడదు, ఎక్కడుంటే అక్కడ రాస్తారు. ఒక వాడలో వరసగా ఇళ్లకు తాళాలు. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చేత్తో చూపిస్తూ, 'వీళ్లు బొంబాయి పోయిండ్రు, వీళ్లు పుణె పోయిండ్రు' అని చెప్పింది. ఒక్కరినీ రాయలేకపోయాను.

మాజీ_కండక్టర్: లేనివాళ్లను లేరనే కదా రాశారు. ఊళ్లో లేనివాళ్లు బస్సెక్కరు.

నల్లరేగడి: వలస పోయినవాళ్లు వానలకు తిరిగొస్తారు! విత్తనం పెట్టేది ఎవరు?

లెక్కల_టీచర్: ఈసారీ ఫిబ్రవరే. 2027 మార్చి 1 నాటి లెక్క తీస్తారు. మళ్లీ ఆ తాళాలే కనబడతాయి.

మాజీ_కండక్టర్: ఫిబ్రవరి, ఫిబ్రవరి అని పట్టుకున్నారు. నల్లరేగడి తమ్ముడూ, నువ్వుండేది హైదరాబాద్‌లో అని పాత పోస్టులో నువ్వే రాశావు. నువ్వు ఎక్కని బస్సు కోసం మమ్మల్ని దోషుల్ని చేస్తావా?

నల్లరేగడి: ఎందుకొచ్చానో వినండి. ముందు సాయంత్రం ట్రిప్పు తీసేశారు. మా చిన్న చెల్లె అప్పుడు తొమ్మిదో తరగతి. చీకట్లో పత్తి చేన్ల మధ్య ఒక్కతే నడిచి రావాలి. నాయన బడి మాన్పించాడు. మరుసటేడు పెళ్లి చేశాడు. నా బిడ్డకు అట్లా కావొద్దనే ఊరు వదిలాను. మీరు ఇప్పుడు జనం లేరంటున్నారు.

పాలమూరు_బిడ్డ: మా అక్కదీ ఇదే కథ.

మాజీ_కండక్టర్: చెల్లె సంగతి విని బాధైంది. అయినా నా మాట సూటిగా చెబుతా. కొన్ని ఊళ్లు ఖాళీ అవుతాయి, బస్సు వేసి ఆపలేం. ఆ డబ్బుతో మండల కేంద్రంలో హాస్టల్ కడితే మీ చెల్లె చదువుకునేది.

నల్లరేగడి: మా అమ్మను ఏ హాస్టల్‌లో పెట్టాలి? బీపీ గోలీలకు నెల నెలా క్రాస్‌రోడ్డు దాకా నడుస్తుంది. మా ఊరు ఉండాలా వద్దా అన్నది మీ డిపోలో తేల్చేస్తారా? గ్రామసభ పెట్టి అడిగారా ఎవరైనా?

మాజీ_కండక్టర్: అడగలేదు. అడగాల్సింది.

పాలమూరు_బిడ్డ: అన్నా, కనీసం సంత రోజుకైనా ఒక ట్రిప్పు అడుగుదాం. దరఖాస్తు రాయండి, మా ఊరి సంతకాలు నేను తెస్తా.

మాజీ_కండక్టర్: రాసేటప్పుడు జనాభా జోలికి పోకండి. బడి పిల్లలు ఎంతమందికి బస్‌పాస్ కావాలో పేర్లతో సహా రాయండి, హెడ్మాస్టర్ సంతకం పెట్టించండి. పాసులున్న ట్రిప్పు తీసేయడానికి మేనేజర్ వెనకాడతాడు. ఊళ్ల మీద నా మాట మాత్రం మారలేదు.