టావీకి ముందు స్టెంట్ వేయించాలా, వాల్వ్ ఒక్కటి మార్పిస్తే చాలా?

అమలాపురం అల్లుడు:
మా మామగారికి 79 ఏళ్లు. కొబ్బరితోట దాకా నడిస్తే ఆయాసం వస్తోందని ఎకో తీయించాము. గుండె నుంచి బృహద్ధమనిలోకి రక్తం వెళ్లే అయోర్టిక్ వాల్వ్ సున్నం పేరుకుని బాగా ఇరుకైపోయిందనీ, ఈ వయసులో ఛాతీ కోయకుండా తొడ దగ్గరి ధమని గుండా కొత్త వాల్వ్ అమర్చే టావీ చికిత్స మేలనీ చెప్పారు. అంతవరకు మాకు సందేహం లేదు. ఆ తర్వాత యాంజియోగ్రామ్‌లో, గుండె కండరానికి రక్తం అందించే కుడి కరోనరీ ధమనిలో 75 శాతం బ్లాక్ కనిపించింది. ఆయనకు ఛాతీనొప్పి ఎన్నడూ రాలేదు. విశాఖపట్నంలో చూసిన వైద్యుడు ముందు స్టెంట్ వేసి ఆ తర్వాత వాల్వ్ అమరుద్దామన్నారు. హైదరాబాదులో చూసినవారు బ్లాక్‌ను మందులకు వదిలి వాల్వ్ ఒక్కటే మారుద్దామన్నారు. ఇద్దరూ అనుభవజ్ఞులే కాబట్టి ఎవరి మాట కాదనాలో తెలియడం లేదు. ఈ విషయం తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

క్యాథ్‌ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి, కాకినాడ:
ముందు స్టెంట్ వేయించండి. లాకు తలుపులు కొత్తవి బిగించి, పిల్లకాలువలో పూడిక అలాగే వదిలేస్తే శివారు పొలానికి నీరు అందదు. కరోనరీ ధమనుల ముఖద్వారాలు వాల్వ్‌కు కొద్దిగా పైన ఉంటాయి. కొత్త వాల్వ్ లోహపు జాలీతో కూడి ఉంటుంది. తనంతట తాను విచ్చుకునే రకాల్లో ఆ జాలీ పొడవుగా ఉండి ముఖద్వారాలను దాటి పైకి పోతుంది. తర్వాత ఎప్పుడైనా గుండెపోటు వస్తే, ఆ జాలీ కన్నాల్లోంచి కేథటర్ అనే సన్నని గొట్టాన్ని ధమనిలోకి చేర్చడం ఎంత ప్రయాసో క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే యాంజియో, స్టెంట్ చేసే గదిలో, బల్ల పక్కన నిలబడి చూసినవాడిని. ఇక పరిశోధన సంగతి అంటారా, 2024లో వెలువడిన నోషన్-3 అనే పరిశోధనలో, టావీతో పాటు స్టెంట్ కూడా వేసినవారు, వేయనివారు అని 455 మందిని రెండు వర్గాలుగా చేసి సుమారు రెండేళ్లు గమనించారు. మరణం, గుండెపోటు, బ్లాక్‌కు అత్యవసర చికిత్స మూడూ కలిపి లెక్కిస్తే స్టెంట్ వేయనివారిలో 36 శాతం, వేసినవారిలో 26 శాతం.

పాలకొల్లు పరిశీలకుడు:
మామగారికి మధుమేహం ఉందా? కిడ్నీల పరిస్థితి ఏమిటి? ధమనులు చిత్రంలో కనిపించడానికి వాడే, కిడ్నీలపై భారం వేసే కాంట్రాస్ట్ మందును రెండుసార్లు ఎక్కించే ముందు ఆ సంగతి తేలాలి.

వశిష్ఠ తీరం, నరసాపురం:
కాకినాడ వారు సగం లెక్కే చెప్పారు. అదే నోషన్-3లో రక్తస్రావం స్టెంట్ వేసినవారిలో 28 శాతం, వేయనివారిలో 20 శాతం. మరణాల్లో నికరమైన తేడా ఏదీ తేలలేదు. అంతకుముందు 2021లో వెలువడిన యాక్టివేషన్ పరిశోధనలో 235 మందిని చూస్తే, ఏడాదిలో మరణం లేదా మళ్లీ ఆస్పత్రిలో చేరడం స్టెంట్ వేసినవారిలో 41.5 శాతం, వేయనివారిలో 44 శాతం, అంటే ఇంచుమించు సమానం. రక్తస్రావం మాత్రం స్టెంట్ వర్గంలోనే ఎక్కువ. టావీ ఒక్కటే అయితే చాలామందికి ఆస్పిరిన్ ఒక్కటి సరిపోతుంది. స్టెంట్ పడితే రక్తం పలచబరిచే మందు రెండోది కూడా కొన్ని నెలలు మింగాలి. మా అన్నగారికి ఇలాగే ముందు స్టెంట్ వేశారు. వాల్వ్ తేదీ రాకముందే మలం నల్లగా పోవడం మొదలై, రక్తం ఎక్కించుకుంటూ, వాల్వ్ వాయిదా పడుతూ, మనిషి మంచం పట్టారు.

క్యాథ్‌ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి, కాకినాడ:
మీ అన్నగారి విషయం బాధాకరమే, కానీ అది ఒక్కరి అనుభవం. యాక్టివేషన్‌లో ఛాతీనొప్పి తీవ్రంగా ఉన్నవారిని చేర్చుకోలేదన్న మాట మీరు చెప్పలేదేమి?

వశిష్ఠ తీరం, నరసాపురం:
మామగారికి ఛాతీనొప్పే లేదని ఆరంభంలోనే రాశారు. మీరు ఆ వాక్యం చదవలేదనుకుంటాను. నోషన్-3లో ఎవరిని తీసుకున్నారో కూడా చూడండి. బ్లాక్ 90 శాతమైనా ఉండాలి, లేదా ధమనిలోకి పంపిన వైర్‌తో పీడనం కొలిచినప్పుడు ఎఫ్ఎఫ్ఆర్, అంటే బ్లాక్ దాటాక ఉన్న పీడనానికీ దానికి ముందున్న పీడనానికీ నిష్పత్తి, 0.80 లేదా అంతకన్నా తక్కువ రావాలి. ఈయన బ్లాక్ 75 శాతం. వైర్‌తో కొలిచినట్టు ఎక్కడా రాయలేదు. కొలవని బ్లాక్‌కు ఆ 26 శాతాన్ని అతికించడం ఏ న్యాయం?

క్యాథ్‌ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి, కాకినాడ:
యాంజియోలో 75 అంటే కంటి అంచనా. అదే చిత్రాన్ని ఒకరు 70 అంటారు, ఇంకొకరు 85 అంటారు. మీరు అంకెను పట్టుకుని వేలాడుతున్నారు. ఎఫ్ఎఫ్ఆర్ కూడా, వాల్వ్ బిగుసుకుని ఉన్నప్పుడు గుండె కండరంలో ప్రవాహం పూర్తిగా పెరగదు కనుక, ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపించవచ్చు. వాల్వ్ మార్చాక అదే బ్లాక్‌కు ఎఫ్ఎఫ్ఆర్ 0.80 హద్దు కన్నా కిందికి దిగవచ్చు.

వశిష్ఠ తీరం, నరసాపురం:
అలాగైతే వాల్వ్ మార్చిన తర్వాతే కొలవండి. మీరే నా పక్షాన వాదిస్తున్నారు. అసలు సంగతి నేను చెబుతాను. రెండు దఫాలుగా చేస్తే రెండు బిల్లులు.

క్యాథ్‌ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి, కాకినాడ:
మందు పూసిన స్టెంట్ ధరను 2017 ఫిబ్రవరిలోనే ప్రభుత్వం 30 వేల రూపాయల లోపుకు కట్టడి చేసింది. లక్షలు పలికేది వాల్వ్. స్టెంట్ కోసం ఆశపడే కాలం పోయింది.

వశిష్ఠ తీరం, నరసాపురం:
ధర కట్టడి స్టెంట్‌కే. గది అద్దెకు, ల్యాబ్ రుసుముకు, ఐసీయూకు కాదు. జీవితమంతా ఆస్పత్రి జీతం తీసుకున్నవారికి బిల్లు రెండోవైపు ఎలా ఉంటుందో తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మండపేట మిత్రుడు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దండి. అడిగినాయనకు జవాబు కావాలి.

క్యాథ్‌ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి, కాకినాడ:
జీతం మాట ఎత్తారు కనుక చెబుతున్నాను. మా అమ్మగారికి వాల్వ్ మార్చి, బ్లాక్‌ను మందులకు వదిలేశారు. పొడవు జాలీ వాల్వ్. అర్ధరాత్రి గుండెపోటు వస్తే, చేయి తిరిగిన వైద్యుడికే కుడి ధమని ముఖద్వారం చిక్కలేదు. ఆ గదిలో నేనూ ఉన్నాను. అందుకే తీరిక ఉన్నప్పుడే ఆ పని పూర్తి చేయమంటాను.

వశిష్ఠ తీరం, నరసాపురం:
మీ అమ్మగారి విషయం తెలియక అన్న మాట కనుక జీతం ప్రస్తావన వెనక్కి తీసుకుంటున్నాను. అయితే నా కడుపుమంట కూడా వినండి. మా అన్నగారిని యాంజియోకు మాత్రమే లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి ఒకరు బయటికి వచ్చి, బ్లాక్ ఉంది, ఇప్పుడే స్టెంట్ వేసేస్తే మళ్లీ గుచ్చే పని ఉండదు, సంతకం పెట్టండి అన్నారు. బల్ల మీద మెలకువగా ఉన్న మనిషిని అడగలేదు. అంతకు కొన్ని నెలల ముందు నుంచే ఆయనకు రక్తహీనత ఉంది. ఎవరూ ఎందుకని ఆరా తీయలేదు. ఇరుకైన వాల్వ్ గుండా రక్తం ఒరిపిడితో దూసుకుపోయేటప్పుడు, గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్లెబ్రాండ్ అనే ప్రోటీన్ తెగిపోతుందనీ, అప్పుడు పేగుల్లోని పెళుసు రక్తనాళాలు కారతాయనీ, దీన్ని హైడ్ సిండ్రోమ్ అంటారనీ, ఇరుకు వాల్వ్‌కూ పేగుల స్రావానికీ ఉన్న సంబంధాన్ని హైడ్ అనే వైద్యుడు 1958లోనే రాశారనీ నాకు తర్వాత తెలిసింది. వాల్వ్ మారిస్తే చాలామందిలో ఆ స్రావం తగ్గుతుందట. అటువంటి మనిషికి వాల్వ్ ఆపి, ముందు రెండు మందులు మొదలుపెట్టారు.

తణుకు కోడలు:
నేను నర్సుగా పనిచేస్తాను. అల్లుడు గారూ, ఒక ప్రశ్న. బ్లాక్ ఉందన్న సంగతి మామగారికి చెప్పారా? రక్త పరీక్షలో హీమోగ్లోబిన్ ఎంత?

అమలాపురం అల్లుడు:
ఆయాసం తగ్గడానికి చిన్న చికిత్స అని మాత్రమే చెప్పాము. భయపడతారని బ్లాక్ మాట ఎత్తలేదు. హీమోగ్లోబిన్ 9.6. వయసు వల్లనే అన్నారు.

తణుకు కోడలు:
వయసు ఒక్కటే కారణమని వదలకండి. ఐరన్, మలంలో కనిపించని రక్తం, అవసరమైతే ఎండోస్కోపీ అయ్యాకనే స్టెంట్ నిర్ణయం తీసుకోమనండి. గుండె లయ తప్పుతోందేమో చూడమనండి, ఎందుకంటే దానికి వేరే పలచబరిచే మందు తోడవుతుంది. ముందుగా ఆయనతో మాట్లాడండి.

అమలాపురం అల్లుడు:
నిన్న రాత్రి అన్నీ చెప్పాము. ఆయన భయపడలేదు. ఇన్నాళ్లూ దాచినందుకు మా అత్తగారి మీద కోప్పడ్డారు. ఆ తర్వాత, ఈ ఆయాసం వాల్వ్ వల్లనా, బ్లాక్ వల్లనా అని అడిగారు. హైదరాబాదు వైద్యుడికి ఫోన్ చేస్తే, చాలావరకు వాల్వ్ వల్లనే అన్నారు. అయితే ముందు అదే చేయించండి, రెండోది నడవగలిగాక చూద్దాం అని మామగారి మాట. ఎండోస్కోపీకి ఈ వారమే రాజమండ్రి తీసుకువెళుతున్నాము.

వశిష్ఠ తీరం, నరసాపురం:
మామగారు నా మాటే అన్నారు.

క్యాథ్‌ల్యాబ్ విశ్రాంత ఉద్యోగి, కాకినాడ:
బ్లాక్ అక్కర్లేదని ఆయన అనలేదు, తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత అనేది సాధ్యపడాలంటే, వాల్వ్ ఎంపిక ఇప్పుడే జరగాలి. సీటీలో కొలతలు అనుమతిస్తే బెలూన్‌తో విచ్చుకునే పొట్టి జాలీ వాల్వ్ కుదురుతుందా అని అడగండి. పొడవు రకమే వేయాల్సి వస్తే, కరోనరీ ముఖద్వారాలకు అడ్డం రాకుండా, దాని రెక్కలు కలిసే చోట్లను పాత వాల్వ్ రెక్కలు కలిసే చోట్లతో సరిపోల్చి అమరుస్తారా అని అడగండి. వాల్వ్ పేరు, సైజు, అమర్చిన తీరు డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. అర్ధరాత్రి ఏ ఊరి క్యాథ్‌ల్యాబ్‌కు తీసుకెళ్లినా వాళ్లకు మొదట కావలసింది ఆ కాగితమే.