శిలాతోరణం వయసు 150 కోట్ల ఏళ్లా? ఆ లెక్క తోరణానిదా, రాతిదా?

తిరుపతిపిల్లోడు: తిరుమలలో శిలాతోరణం చూపించి ‘150 కోట్ల ఏళ్ల నాటిది, ప్రపంచంలో ఇట్లాంటివి మూడే’ అంటారు. ఆ వయసు రాతిది, తోరణానిది కాదని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

ఘాట్‌రోడ్డు: ఎందుకు కాదు సామీ? అది నగరి క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గింజలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుపోయిన రాయి. జీఎస్‌ఐ (భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ) లెక్కలో సుమారు 160 కోట్ల ఏళ్లు. ఘాట్ రోడ్డు కోతల్లో చూడండి: అడుగున గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా ఈ రాయి. రెండూ కలిసే గీతే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ, అంటే మధ్య కాలపు పొరలే లేని చోటు. ఆ గీత దగ్గర కోట్ల ఏళ్ల రికార్డు గల్లంతు.

కొండరాయి: ఆ గీత గురించి పేచీ లేదు. కానీ 160 కోట్లనేది ఇసుక పేరుకున్న కాలం. అది రాయి కావాలి, పైకి లేవాలి, బీటలు పడాలి, పైనున్నది కొట్టుకుపోవాలి. ఆ తర్వాతే కింది పొరలు ఊడి, పై పొర దూలంలా మిగులుతుంది. అమెరికాలో ఊటా రాష్ట్రపు ఆర్చెస్ నేషనల్ పార్కు తోరణాల రాయి జురాసిక్ కాలందే (డైనోసార్ల నాటిది), తోరణాలు మాత్రం నిన్నమొన్నటివి. అక్కడి 88 మీటర్ల ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ అనే తోరణం నుంచి 1991లో 18 మీటర్ల పలక ఊడిపడింది. 2008లో వాల్ ఆర్చ్ అనే ఇంకో తోరణం రాత్రికి రాత్రి కూలింది. ‘మూడే’ అన్నదీ ఉత్తిదే, ఆ ఒక్క పార్కులోనే రెండు వేలకు పైగా ఉన్నాయి.

ఘాట్‌రోడ్డు: ఊటాది ఇసుకరాయి, గీకితే రాలుతుంది. మనది క్వార్ట్‌జైట్. సుత్తితో కొడితే పగులు గింజల పక్క నుంచి పోదు, గింజల్నే చీల్చుకుని పోతుంది. దాన్నీ దీన్నీ ఒకే గాటన కడితే ఎట్ల?

కొండరాయి: గింజ గట్టిదే, ఒప్పుకుంటా. అందుకే ఊటా వాటికంటే మనది ఎక్కువ కాలం నిలిచి ఉండొచ్చు. కానీ తోరణం తెగేది గింజ దగ్గర కాదన్నా, పొరల సందుల్లో, నిలువు బీటల్లో. వాన నీళ్లు, వేర్లు దూరేది అక్కడే.

తిరుపతిపిల్లోడు: మరి డైనోసార్లు దాని కింద తిరిగాయా? యూట్యూబులో చూపిస్తున్నారు.

కొండరాయి: డైనోసార్లు వచ్చింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట, పోయింది 6.6 కోట్ల కిందట. ఈ ఇసుక పేరుకున్న నాటికి ఎముకున్న జీవే లేదు. కాబట్టి ఆ రాతిలో ఎముకలు వెతకడం దండగ.

రాతిపొర: తోరణం వయసు కట్టే దారి ఒకటుంది: బెరిలియం-10 అనే, కాలంతో తరిగిపోయే రేడియోధార్మిక పరమాణువు. పైకి బయటపడిన క్వార్ట్జ్‌లో (ఈ రాతి గింజల ఖనిజం) కాస్మిక్ కిరణాల వల్ల, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల, అది పోగవుతుంది. సగం తరిగే కాలం సుమారు 14 లక్షల ఏళ్లు, అంటే కోట్ల లెక్కకు అసలు పనికిరాదు. చిక్కు ఇంకోటి: అడుగు నుంచి ఒక పలక ఊడితే అక్కడ కొత్త ముఖం బయటపడి లెక్క దాదాపు మొదటికొస్తుంది. అప్పుడు తెలిసేది చివరి పలక ఎప్పుడు ఊడిందో, అంతే. దూలం మందం కిరణాల్ని ఎంత ఆపిందో కూడా లెక్కలో కలపాలి. అందుకే ఒక్క చోట తీస్తే చాలదు. పైనా, కిందా, కాళ్ల మీదా తీయాలి. రక్షిత స్థలం కాబట్టి అనుమతి లేనిదే ఉలి తాకించకూడదు.

ఘాట్‌రోడ్డు: సరే, 150 కోట్లు రాతికే రాసుకోండి. కానీ లక్షల ఏళ్లన్నా ఉండదని మాత్రం ఈ లెక్కల్లో ఏదీ చెప్పట్లేదు.