‘పర్వణి’ ఒక్కసారా, ప్రతిసారా? రాహువు శ్లోకంపై చర్చ

అంబాజీపేట (ప్రశ్న):
సభ్యులకు నమస్కారం. భర్తృహరి నీతిశతకంలోని రాహువు శ్లోకం (తల మాత్రమే మిగిలిన రాహువు బృహస్పతి మొదలైనవారిని విడిచి, పర్వంలో సూర్యచంద్రులనే మింగుతాడన్నది) చివరి పాదం కొన్ని నెలలుగా నన్ను వదలడం లేదు. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రబింబం పూర్తిగా ఎర్రబారిన వేళ ‘ద్వావేవ గ్రసతే దివాకరనిశాప్రాణేశ్వరౌ భాస్వరౌ’ అన్న పాదం దానంతటదే నోటికి వచ్చింది గాని, ఆ తరువాతిది ‘భ్రాతః పర్వణి పశ్య దానవపతిః’ వరకు నడిచి, ‘శీర్షావశేష’ దగ్గర ఆగిపోయింది. మా తాతగారు ‘శేషీకృతః’ అని చదివేవారని నా చెవి చెబుతున్నది. నా దగ్గరున్న అచ్చు ప్రతిలో ‘శేషాకృతిః’ అని ఉన్నది. ఆయన ఈ శ్లోకం చెప్పినది 1971లో శ్రావణ పున్నమి గ్రహణం నాడు, అర్ధరాత్రి దాటాక, విడుపు స్నానానికి కాలువ గట్టున కూర్చున్నప్పుడు. ‘పర్వణి’ (పర్వంలో, అంటే పున్నమి లేక అమావాస్య నాడు) ఏకవచనమే అయినా ప్రతి పర్వానికీ వర్తిస్తుందని ఆయన అర్థం చెప్పినట్లు కూడా గుర్తు. పాఠం ఏది, ఆ అర్థం నిలుస్తుందా అన్నవి నా సందేహాలు.

పెద్దాపురం:
రెండు పాఠాలూ వాడుకలో ఉన్నవే. శార్దూలవిక్రీడితానికి రెండూ సరిపోతాయి కనుక ఛందస్సు మనకు తీర్పు చెప్పదు, వ్యాకరణమే చెప్పాలి. ‘శేషీకృతః’లో ఉన్నది చ్వి ప్రత్యయం. అంతకు ముందు అట్లా లేనివాణ్ణి తల మాత్రమే మిగిలినవాడిగా చేశారన్న అర్థం అందులోనే ఉన్నది కనుక, చేసినవాడొకడు, చక్రమొకటి, అమృతం పంచిన పంక్తి అన్నీ ఆ ఒక్క అక్షరం వెనుక నిలబడతాయి. ‘ఆకృతిః’ అంటే బహువ్రీహి. తలే ఆకారంగా గలవాడని ఊరకే వర్ణన. ఇంత దెబ్బ తిని కూడా సూర్యచంద్రులను తప్ప మరొకరిని పట్టడన్నది కవి చెప్పదలచిన పౌరుషం కనుక, దెబ్బను చూపే ‘ఈకృతః’ వైపే నా మొగ్గు. తాతగారు చదివినదే బాగున్నది.

‘పర్వణి’ విషయంలో మాత్రం వారితో ఏకీభవించలేను. ప్రతి పర్వానా మింగుతాడంటే ప్రతి పున్నమికీ గ్రహణం పట్టాలి గదా? ఇక్కడ సప్తమి నియమార్థకం. పర్వంలోనే పడతాడు, తిథి కాని తిథిలో పడడు అని.

కాకినాడ:
పెద్దాపురం వారి చ్వి బాగానే ఉన్నది గాని, తాతగారిని అంత త్వరగా తోసిపుచ్చవద్దు. అంబాజీపేట మాస్టారు చెప్పిన రెండు రాత్రులు ఒకే గ్రహణ పరంపరలోనివి. 1971 ఆగస్టు 6కు, 2025 సెప్టెంబరు 7కు మధ్య 19,756 రోజులు, అంటే సరిగ్గా 669 చాంద్రమాసాలు గడిచాయి. అందులో మూడవ వంతైన 223 మాసాల వ్యవధినే ఖగోళశాస్త్రంలో సారోస్ అంటారు. ఆవృత్తిని కనిపెట్టినవారు బాబిలోనియా వారు. ఆ పేరును దానికి తగిలించినవాడు 1691లో ఎడ్మండ్ హేలీ. 223 పున్నములు గడిచేసరికి చంద్రుడు రాహుస్థానానికి, అంటే తన దారి సూర్యుని దారిని ఖండించే బిందువుకు, 242 సార్లు, భూమికి అతి సమీపమైన బిందువుకు 239 సార్లు తిరిగి వస్తాడు. ఈ మూడు లెక్కలూ ఆరు గంటల లోపు తేడాతో 6,585 రోజుల దగ్గర కలుస్తాయి కనుక, 18 సంవత్సరాల 11 రోజులకు దాదాపు అదే గ్రహణం, దాదాపు అదే పరిమాణంలో తిరిగి పడుతుంది.

అయితే ఆ రోజుల పైన సుమారు 8 గంటలు మిగులుతాయి. ఆలోగా భూమి మూడవ వంతు తిరిగిపోతుంది కనుక మరుసటి గ్రహణం మనకు కాక పడమటి దేశాలకు దక్కుతుంది. 1989 ఆగస్టు 17న మధ్యకాలం మన గడియారంలో ఉదయం ఎనిమిదిన్నర దాటాక, 2007 ఆగస్టు 28న సాయంత్రం నాలుగు దాటాక వచ్చింది. రెండూ మన పగటివే. మూడవ ఆవృత్తికి ఆ ఎనిమిది గంటలు కలిసి ఒక రోజై, 2025లో గ్రహణం మళ్ళీ మన రాత్రికి వచ్చింది. తరువాత మన నడిరాత్రికి వచ్చేది 2079 అక్టోబరు 10న. ‘పర్వణి’ని ప్రతిసారీ అనుకోవడానికి ఇంతకంటె ఏం కావాలి?

పెద్దాపురం:
ఆవృత్తి ఉన్నదని ఎవరు కాదన్నారు? అది ఆకాశంలో ఉన్నది, ‘పర్వణి’లో లేదు. సప్తమీ విభక్తిలో 223 మాసాలు వెతకడం వ్యాఖ్యానమనిపించుకోదు.

తణుకు:
ఇద్దరూ పర్వమంటే పున్నమి, అమావాస్య అనుకునే వాదిస్తున్నారు. వరాహమిహిరుడు బృహత్సంహిత రాహుచారంలో ‘షణ్మాసోత్తరవృద్ధ్యా పర్వేశాః సప్త దేవతాః క్రమశః’ అన్నాడు. అక్కడ పర్వమంటే ఆరేసి నెలలకు ఒకటిగా వచ్చే గ్రహణావకాశం. వాటికి బ్రహ్మ, శశి, ఇంద్రుడు, కుబేరుడు, వరుణుడు, అగ్ని, యముడు అని వరుసగా ఏడుగురు అధిపతులు. ఆ అర్థం తీసుకుంటే ‘పర్వణి’ని జాత్యేకవచనంగా, ‘పర్వం వచ్చినప్పుడల్లా’ అని చెప్పుకోవడానికి పెద్దాపురం వారి అభ్యంతరం అడ్డురాదు. పైగా ఈ ఆరు నెలల మెట్టు కాకినాడ వారి లెక్కలోనూ ఉన్నది. 223 మాసాలలో గ్రహణావకాశాలు 38. వాటిలో 33 ఆరేసి నెలల ఎడంతో, 5 అయిదేసి నెలల ఎడంతో వస్తాయి. 198కి 25 కలిపి చూసుకోండి.

చెరకు పండించే ఊరివాణ్ణి కనుక ఇంకొక మాట కూడా అంటాను. చెరకు కణుపుకూ సంస్కృతంలో పర్వమనే పేరు. గడలో కణుపుకూ కణుపుకూ నడుమ ఎడం ఎప్పుడూ ఒక్కతీరున ఉండదు గాని, కణుపు రాకుండా గడ పెరగదు. భర్తృహరి మనసులో ఆ అర్థం కూడా మెదిలిందని నా నమ్మకం. నిరూపించమంటే నిరూపించలేను.

కాకినాడ:
ఆకృతి వైపు నేను ఒక మాట చెప్పవలసి ఉన్నది. గ్రహణ సమయంలో చంద్రబింబం మీద పాకే నీడ అంచు ఎప్పుడు చూసినా గుండ్రంగానే ఉంటుంది. మొండెం లేని తల అన్న ఊహకు ఆ గుండ్రని నీడే మూలమని, అందుకే కవి ‘ఆకృతి’ అన్న మాట ఎంచుకున్నాడని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆర్యభటుడు ‘ఛాదయతి శశీ సూర్యం శశినం మహతీ చ భూచ్ఛాయా’ అని గోళపాదంలో తేటగా చెప్పిన దేశంలో, నీడ ఆకారాన్ని గమనించిన కవి ఉండడం వింత కాదు.

పెద్దాపురం:
ఆర్యభటుని వాక్యం శిరోధార్యమే. కాని నీడ తెలిసినవాడు ‘దానవపతిః’ అనడు. శ్లోకం పురాణం మీద నడుస్తున్నది, గోళం మీద కాదు. ఇక మన లక్ష్మణకవి ఏ పాఠం చూసి తెనిగించాడో తెలిస్తే ఈ తగవు సగం తీరుతుంది. పెద్దాపుర సంస్థానం నీడన బతికిన ఏనుగు లక్ష్మణకవి మూలానికి ఎంత దగ్గరగా నడుస్తాడో చెప్పనక్కరలేదు. ఆయన పద్యం కంఠస్థమైనవారు ఎవరైనా ఇక్కడ ఉంచండి. ఏలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన తెనిగింపులు ఉన్నవారు అవి కూడా ఉంచవచ్చు గాని, నాకు లక్ష్మణకవి చాలు.

రాజమహేంద్రవరం:
లక్ష్మణకవి మూలానికి దగ్గరగా నడుస్తాడన్నది సగం నిజం. ‘లభేత సికతాసు తైలమపి యత్నతః పీడయన్’ అన్న చోట గానుగ ఆడించే ‘పీడయన్’ను వదిలిపెట్టి, ‘తివిరి యిసుమున తైలంబు తీయవచ్చు’ అని ఎత్తుకున్నాడు. ఆ ‘తివిరి’లో యత్నం మిగిలింది, గానుగ పోయింది, పోయినందువల్లనే పద్యం ఎత్తుగడ అంత తేలికగా లేచింది. కనుక రాహువు పద్యంలో ‘కృతః’ కనిపించనంత మాత్రాన ఆయన ముందున్న ప్రతిలో అది లేదనలేము. కనిపిస్తే మాత్రం ఉన్నదని చెప్పవచ్చు. ఈ మెళకువ పాటించకుండా తెనిగింపును బట్టి మూలపాఠం తేల్చబోతే ఇసుమున తైలమే అవుతుంది.

పెద్దాపురం:
‘తివిరి’ ఒక్కటే ‘యత్నతః పీడయన్’ రెండింటినీ మోస్తున్నదని మేము చదువుకున్నాము. దాని సంగతి వేరే చర్చలో చూసుకుందాము.

ద్రాక్షారామం:
కాకినాడ వారి లెక్కకు మాసాలు చేర్చి చూశాను. 1971, 1989, 2007 గ్రహణాలు మూడూ శ్రావణ పున్నమి నాడే పడ్డాయి. 2025లో అది భాద్రపదానికి జరిగింది. 2043, 2061లలో భాద్రపదంలోనే ఉండి, 2079లో ఆశ్వయుజానికి జరుగుతుంది. ఒక్కొక్క ఆవృత్తికి పదకొండేసి రోజులు ముందుకు పోతుంది కనుక, మూడింటికి ఒక మాసం మారుతుందన్నమాట. అదే 19 సంవత్సరాల ఆవృత్తిలో 235 మాసాలు సరిగ్గా ఇమిడి తిథీ మాసమూ మారవు గాని, గ్రహణం నాలుగైదు సార్లకు మించి నిలవదు.

ఇది ఇక్కడ ఎందుకంటే, వేంగీ చాళుక్యుల దానపత్రాలలో ‘సోమగ్రహణనిమిత్తే’ అని ఉన్నచోట కాలం తేల్చడానికి ఈ రెండు ఆవృత్తుల తేడా తెలిసి ఉండాలి. శకవర్షం చెరిగిపోయి, మాసమూ గ్రహణమూ మాత్రమే మిగిలిన శాసనానికి 19 ఏళ్ళ ఎడంతో ఒకటికి మించి తేదీలు కుదురుతాయి. వారం కూడా ఉంటే తప్ప ముడి వీడదు. మా భీమేశ్వరుని గుడి గోడల మీది వందల శాసనాలు చదువుకుంటూ పెరిగినవారికి రాహువు పౌరుషం కంటె ఆయన సమయపాలనే ఎక్కువ ఉపకారం చేసింది. శ్రీనాథుడు ఈ భీమేశ్వరునికి ఒక పురాణమే చెప్పాడు గాని, ఆయన దృష్టి గోడల మీద కంటె గుడి పరిసరాల మీదే ఎక్కువ నిలిచింది. అది మరొకప్పుడు.

కొవ్వూరు:
ఇంత గణితం అవసరమా? జ్యోతిషంలోని వింశోత్తరి దశల లెక్కలో రాహు మహాదశ 18 సంవత్సరాలు. మన పెద్దలకు ఈ ఆవృత్తి తెలుసుననడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ‘పర్వణి’కి ఆ పద్దెనిమిదేళ్ళ పర్వమే అర్థం.

కాకినాడ:
రాహుకేతువులు ఎప్పుడూ 180 అంశల ఎడంతో ఎదురెదురుగా, ఒకే వేగంతో వెనుకకు నడుస్తారు. రాహుదశకు గ్రహణావృత్తి ఆధారమైతే కేతుదశ 7 సంవత్సరాలే ఎట్లా అయింది? పైగా రాహువు రాశిచక్రం చుట్టి రావడానికి పట్టేది సుమారు 18.6 సంవత్సరాలు, సారోస్ 18 సంవత్సరాల 11 రోజులు. ఆరు నెలలకు పైగా ఉన్న ఆ తేడాను కలిపేసుకోలేము.

యానాం:
కాకినాడ వారు చెప్పినది సరే గాని, సారోస్‌ను మన సిద్ధాంతాల నెత్తిన పెట్టడం కూడా అంతే పొరపాటు. మనవారు పాత గ్రహణాల జాబితా చూసి కొత్తది చెప్పలేదు. అహర్గణం (గడిచిన రోజుల మొత్తం) కట్టి, సూర్యచంద్రులనూ పాతాన్నీ (రాహుస్థానాన్ని) స్ఫుటం చేసి, అంటే వాటి నిజస్థానాలు తేల్చి, నేరుగా గణించారు. మా ఊరు ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది కనుక పుదుచ్చేరి ముచ్చట ఒకటి చెబుతాను. అక్కడికి వచ్చిన ల జాంతీ అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు 1765 ఆగస్టు 30 నాటి చంద్రగ్రహణం ఎంతసేపు ఉన్నదో సరిపోల్చి చూస్తే, తమిళ గణకుల లెక్క 41 సెకన్లు తక్కువగా, ఐరోపాలో పేరుపొందిన మేయర్ పట్టికల లెక్క 68 సెకన్లు ఎక్కువగా తేలింది.

కాకినాడ:
ఒప్పుకుంటాను. ఒక సవరణ కూడా చేర్చాలి: ‘ప్రతిసారీ’ అన్నది శాశ్వతం కాదు. ఆవృత్తికి ఆవృత్తికి పాతం దగ్గర కొద్దికొద్దిగా జరగడం వల్ల పరంపరకు పుట్టుకా ముగింపూ ఉంటాయి. తాతగారి గ్రహణం 128వ సారోస్ పరంపరలోనిది. 1304లో, ఇక్కడ కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో, కంటికి ఆనని ఉపచ్ఛాయతో (భూమి పలుచని నీడతో) మొదలైంది. మొత్తం 71 గ్రహణాలు. మనం 2025లో చూసినది 41వది. 2007లో 90 నిమిషాలున్న సంపూర్ణ దశ 2025లో 82కు తగ్గింది. 2566తో పరంపర ముగుస్తుంది.

అంబాజీపేట:
అందరికీ కృతజ్ఞతలు. పాఠం సంగతి పెద్దాపురం వారికీ కాకినాడ వారికీ వదిలిపెట్టి, అదే శ్లోకం మొదటి పాదంలో మరొకటి అడుగుతాను. ‘సంత్యన్యేఽపి బృహస్పతిప్రభృతయః సంభావితాః పంచషాః’ అన్నాడు. సూర్యచంద్రులనూ రాహువునూ తీసివేస్తే కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని అయిదుగురే మిగులుతారు. ‘అయిదారుగురు’ అనడంలో ఆ ఆరవవాడు కేతువా? కేతువైతే, తన మొండెంతోనే రాహువు వైరం పెట్టుకోడని చెప్పడం విడ్డూరంగా లేదూ?

పెద్దాపురం:
‘పంచషాః’ వాడుక మాట, నలుగురైదుగురు అన్నట్లే. లెక్కపెట్టకూడదు.

తణుకు:
లెక్కపెట్టకూడని మాటైతే పేరుపెట్టి బృహస్పతితో ఎందుకు మొదలుపెట్టాడు? వరాహమిహిరుని కేతుచారంలో కేతువులంటే తోకచుక్కలు, అవీ ఒకటి కాదు, బోలెడు. రాహువు మొండెమే కేతువన్న లెక్క ఆర్యభటుని గణితంలో కనిపించదు. కనుక ఆ ఆరవ స్థానం భర్తృహరి నాటికి ఇంకా తేలని స్థానమని, ‘పంచషాః’లో ఆ తడబాటే వినిపిస్తున్నదని నేనంటాను. పెద్దాపురం వారు కాదంటే కారణం చూపాలి. వాడుక మాట అంటే సరిపోదు.